ఐస్ కోసమా, చేపల కోసమా: మన ఇంటికి ఏ ఫ్రీజర్?

ఫ్రిజ్ కొనడానికి బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక లెక్క వేసుకోవాలి. నెలకు ఎన్ని కిలోల చేపలు, రొయ్యలు, చికెన్ గడ్డకట్టించి దాస్తారు? మే నెలలో రోజుకు ఎన్ని ఐస్ ముక్కలు కావాలి? చింతచిగురు, రసాల మామిడి గుజ్జు వానాకాలం దాకా నిలవ పెట్టే అలవాటు ఉందా? విజయవాడ బందరు రోడ్డు షోరూములో అయినా, గుంటూరులో అయినా ముందు చెప్పేది మొత్తం లీటర్ల సంగతి, తలుపు రంగు సంగతి. ఆ లీటర్లలో ఫ్రీజర్ వాటా ఎంత, అది ఎన్ని డిగ్రీల దాకా వెళ్తుంది అనేది మనమే అడగాలి. ఎందుకంటే ఫ్రిజ్ కింది భాగం ఏ మోడల్‌లో అయినా దాదాపు ఒకేలా పనిచేస్తుంది. తేడా అంతా ఫ్రీజర్‌లోనే ఉంటుంది.

అడిగేటప్పుడు స్టార్ల దగ్గర పొరబడకండి. తలుపు మీద అంటించిన స్టార్లు కరెంటు పొదుపువి. ఫ్రీజర్ చల్లదనానికి వేరే గుర్తు ఉంది, ఫ్రీజర్ మీదో మాన్యువల్‌లోనో చిన్న చిన్న నక్షత్రాలుగా కనిపిస్తుంది. ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు, రెండంటే మైనస్ 12, మూడంటే మైనస్ 18. ఒక పెద్ద నక్షత్రం పక్కన మూడు చిన్నవి ఉంటే అది మైనస్ 18 దగ్గర నిలవ ఉంచడంతో పాటు కొత్తగా పెట్టిన సరుకును గడ్డకట్టించే సత్తా కూడా ఉన్న ఫ్రీజర్. ఐదు స్టార్ల కరెంటు లేబుల్ ఉన్న ఫ్రిజ్‌లో ఫ్రీజర్ చల్లదనం అంతంతమాత్రంగా ఉండటం మామూలే. ఆ రెంటికీ సంబంధం లేదు.

ఇంకొకటి, వెనకవైపు రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ చూడండి. 'ఎస్‌టి' అని ఉంటే బయట 38 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినది, 'టి' అని ఉంటే 43 దాకా. మన బెజవాడ ఎండలకు 'టి' ఉన్నదే తీసుకోవాలి. అయినా పడమటి గోడకు ఆనించి, స్టవ్ పక్కన పెడితే ఏ క్లాసూ కాపాడదు. వెనక, పక్కల గాలి ఆడేలా కనీసం జానెడు వదలండి.

సింగిల్ డోర్

180 నుంచి 200 లీటర్ల సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ పెట్టె ఉండేది పదిహేను, ఇరవై లీటర్లు మాత్రమే. ఆ పెట్టె గోడలే చల్లబరిచే ప్లేట్లు, వాటి లోపలి సన్న గొట్టాల్లో గ్యాస్ తిరుగుతుంది. అందుకే ట్రే అడుగు ఆ ప్లేటుకు నేరుగా ఆని కూర్చుంటే ఐస్ గబగబా కడుతుంది. ఈ ఒక్క విషయంలో సింగిల్ డోర్‌ను తక్కువ చేయడానికి లేదు.

దాని ఇబ్బంది నిలవ దగ్గర. ఫ్రీజర్‌కూ కింది అరలకూ ఒకటే నాబ్ ఉంటుంది. ఫ్రీజర్ ఇంకా చల్లగా కావాలని నాబ్ తిప్పితే కింద పాల ప్యాకెట్ అంచులు గడ్డకడతాయి, కొత్తిమీర మెత్తబడి నల్లబడుతుంది. పైగా ఫ్రీజర్ మైనస్ 6కీ మైనస్ 12కీ మధ్య ఊగుతూ ఉంటుంది. ఐస్‌కూ, రెండు మూడు రోజుల్లో వండేసే మాంసానికీ అది చాలు. నెలల తరబడి చేపలు దాయడానికి చాలదు. ఐస్‌క్రీం డబ్బా అందులో గట్టిగా ఉందా, గరిటెకు మెత్తగా వస్తోందా చూస్తే మీ ఫ్రీజర్ సంగతి తెలిసిపోతుంది. మెత్తగా ఉంటే అక్కడ చేపలు వారం, పది రోజులకు మించి ఉంచవద్దు.

రెండో ఇబ్బంది మంచు. కోస్తా గాలిలో తేమ ఎక్కువ. తలుపు తీసిన ప్రతిసారీ ఆ తేమ లోపలికి వెళ్ళి ప్లేట్ల మీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు దుప్పటిలా అడ్డుపడటంతో ప్లేటు చల్లదనం సరుకుకు అందదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. మంచు అర సెంటీమీటరు మందం వస్తే తీసేయాలి. వేసవిలో అది పది, పదిహేను రోజులకోసారి వస్తుంది. నాబ్ మధ్యలోని డీఫ్రాస్ట్ (మంచు కరిగించే) బటన్ రాత్రి పడుకునే ముందు నొక్కండి. గడ్డకట్టిన సరుకును ముందే ఖాళీ చేసి, వార్తాపత్రికల్లో చుట్టి ఒక స్టీలు డబ్బాలో కుక్కి పెట్టండి. తొందరగా అవ్వాలంటే స్విచ్ ఆపేసి, గిన్నెలో వేడినీళ్ళు ఫ్రీజర్‌లో పెట్టి పావుగంట తలుపు మూసేస్తే మంచు పలకలుగా ఊడి వస్తుంది.

చాకుతో మాత్రం గీకవద్దు. ఆ ప్లేటు పలుచని అల్యూమినియం. చాకు మొన దిగిన చోట సన్నని బొట్టంత రంధ్రం పడితే చాలు, 'స్‌స్' మని ఒక్క నిమిషం శబ్దం వస్తుంది, గ్యాస్ అంతా పోతుంది. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్ 600ఎ గ్యాస్ మంటను అంటుకునేది. కాబట్టి ఆ శబ్దం వింటే స్టవ్ ఆర్పి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా కిటికీలు తెరవాలి. ప్లేటుకు అతుకు వేసినా చాలాసార్లు నిలవదు, మొత్తం మార్చాల్సి వస్తుంది.

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ

ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచును తనంతట తానే కరిగించుకునే రకం. ఇంట్లో వారానికోసారైనా చేపో మాంసమో కొని దాచే అలవాటు ఉంటే మా సలహా ఇదే. 240, 260 లీటర్ల ఫ్రిజ్‌లో ఫ్రీజర్ సుమారు 50 నుంచి 60 లీటర్లు వస్తుంది, మైనస్ 18 దగ్గర నిలబడుతుంది. చల్లబరిచే కాయిల్ వెనక పలక చాటున ఉంటుంది. ఫ్యాన్ చల్లగాలిని తిప్పుతుంది. కాయిల్ మీద పేరుకున్న మంచును హీటర్ అప్పుడప్పుడూ కరిగిస్తే, ఆ నీళ్ళు గొట్టం గుండా కంప్రెసర్ మీది తొట్టిలోకి దిగి ఆవిరవుతాయి.

ఫ్యాన్ గాలి వల్ల లాభం ఎంతో, మూత లేని సరుకుకు నష్టం అంత. పొడి చల్లగాలి తగిలితే చేపముక్క అంచులు తెల్లబారి, పీచులా ఎండిపోతాయి. ఐస్ ముక్కలు కూడా ట్రేలోనే నెల రోజుల్లో చిక్కిపోతాయి. అందుకని ఫ్రాస్ట్ ఫ్రీలో ఏదీ తెరిచి పెట్టకూడదు. అలాగే గాలి వచ్చే రంధ్రాల ముందు రెండంగుళాలు ఖాళీ వదలాలి. ఫ్రీజర్ బాగా గడ్డకడుతూ కింది భాగం మాత్రం చల్లబడకపోతే మెకానిక్‌ను పిలిచే ముందు రంధ్రాలకు అడ్డంగా కవర్లు ఏవైనా కుక్కారేమో చూడండి. అవి తీసినా మారకపోతే, ఫ్రీజర్ వెనక పలక మీద మంచు తెట్టు కట్టి ఉంటే డీఫ్రాస్ట్ హీటరో సెన్సారో పాడై ఉంటుంది. కూరగాయల అరలో నీళ్ళు చేరుతుంటే కాలువ గొట్టం మూసుకుపోయిందన్నమాట.

'కన్వర్టిబుల్' అని చెప్పే మోడళ్ళలో ఫ్రీజర్‌ను మామూలు ఫ్రిజ్‌గా మార్చుకోవచ్చు. పెళ్ళిళ్ళప్పుడు పాలు, పూలు, కూరగాయలు పెట్టుకోవడానికి అక్కరకొస్తుంది. కానీ ఆ రోజుల్లో గడ్డకట్టిన సరుకుకు చోటుండదు. చేపలు దాచుకునే ఇంటికి ఆ సదుపాయం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం.

పెట్టె ఫ్రీజర్

పైకి తెరిచే డీప్ ఫ్రీజర్ వంద లీటర్ల నుంచి దొరుకుతుంది. చల్లగాలి బరువు కాబట్టి మూత తీసినా బయటికి పొర్లదు. కరెంటు పోయినా ఎక్కువసేపు గట్టిగా నిలబడుతుంది. మచిలీపట్నం, నిజాంపట్నం వైపు నుంచి ఒకేసారి ఐదారు కిలోల రొయ్యలు తెచ్చుకునేవాళ్ళు, ఉమ్మడి కుటుంబాలు, ఇంటి నుంచే పిండివంటలో బిర్యానీలో అమ్మేవాళ్ళు దీని గురించి ఆలోచించాలి. నలుగురున్న ఇంట్లో ఇది సగం ఖాళీగానే తిరుగుతుంది. ఆ ఖాళీకి కూడా కరెంటు కట్టాలి.

కొంటే గట్టి మూత ఉన్నది తీసుకోండి. గాజు మూతవి ఐస్‌క్రీం దుకాణాలకు చేసినవి, గాజు గుండా వేడి తొందరగా దిగుతుంది. కూలర్‌గానూ ఫ్రీజర్‌గానూ పనిచేసే రకమైతే స్విచ్ ఎటు ఉందో పెట్టిన రోజే చూసుకోండి. ఫ్రీజర్ అనుకుని కూలర్ మీద నడిపితే రొయ్యలు రెండు రోజుల్లో వాసన వస్తాయి. అడుగున పడినవి కంటికి కనబడవు, అదే పెట్టె ఫ్రీజర్‌తో పెద్ద చిక్కు. బుట్టల్లో రకాలవారీగా వేసి, తేదీ రాసి, మూత మీద చీటీ అంటించుకోవాలి.

ఒక్కరోజులో ఎంత పెట్టొచ్చు?

ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ నిండా చోటుందని ఐదు కిలోలు ఒకేసారి పెడితే ఏ కంపెనీదైనా తట్టుకోదు. 50 లీటర్ల ఫ్రీజర్ రోజుకు రెండు, రెండున్నర కిలోలు సరిగ్గా గడ్డకట్టించగలదు. అంతకు మించితే లోపల ఉన్న పాత సరుకు కూడా వెచ్చబడుతుంది, కొత్తది నిదానంగా గడ్డకడుతుంది. నిదానంగా కట్టినప్పుడు మాంసంలో మంచు గింజలు పెద్దవై కండను చీలుస్తాయి. కరిగించాక గిన్నె అడుగున ఎర్రటి నీళ్ళు కారడం, వండితే ముక్క పీచుపీచుగా ఉండటం దాని వల్లే.

అందుకే కవరులో ముద్దగా కాకుండా పలుచగా పరిచి గడ్డకట్టించాలి. అరకిలో ఖైమాను జిప్ కవర్లో వేసి, అరచేత్తో రెండు సెంటీమీటర్ల మందానికి అదిమి, గాలి నొక్కేసి మూయండి. ముద్ద మధ్యదాకా గడ్డకట్టడానికి ఒక రాత్రి పడితే, పలక రెండు మూడు గంటల్లో గట్టిపడుతుంది. కరగడం కూడా అంతే తొందర. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు.

స్టీలు గిన్నె, ప్లాస్టిక్ డబ్బా, జిప్ కవర్ ఈ మూడింటిలో మాంసానికి జిప్ కవర్ మేలు, గాలి మిగలదు కాబట్టి. రసం, గుజ్జు, వండిన పప్పుకు డబ్బా మేలు. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతాయి, కనుక పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. గాజు సీసా నిండా నీళ్ళు పోసి పెడితే పగులుతుంది. స్టీలు గిన్నె తొందరగా చల్లబడుతుంది గానీ మూత బిగుతుగా ఉండదు.

రొయ్యలు తలలు తీసి, నల్లటి నరం లాగేసి, కడిగి, పావుకిలో చొప్పున డబ్బాలో వేసి మునిగేదాకా నీళ్ళు పోసి గడ్డకట్టించండి. ఆ నీటి గడ్డే వాటికి తొడుగు, గాలి తగలదు, ఎండిపోవు. కవళ్ళు, కానాగంతలు లాంటి కొవ్వు చేపలు మైనస్ 18లో కూడా రెండు మూడు నెలలే బాగుంటాయి, కొవ్వు గాలికి కమిలి చేదు వాసన వస్తుంది. కొరమీను ఆరు నెలలు ఉంటుంది. చికెన్ ముక్కలు తొమ్మిది నెలలు, ఖైమా మూడు నాలుగు, వండిన మాంసం కూర రెండు మూడు నెలలు. ఇవన్నీ రుచి నిలిచే గడువులు, అదీ మైనస్ 18లో. చల్లదనం క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. కరిగాక అవి మళ్ళీ లేస్తాయి. కాబట్టి కరిగించడం వంటింటి గట్టు మీద కాదు, ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలో, అడుగున పళ్ళెం పెట్టి.

చింతచిగురు మన దగ్గర కొన్ని వారాలే దొరుకుతుంది. కాడలు తీసి, కడిగి, గుడ్డ మీద నీడన తడి పూర్తిగా ఆరేదాకా పరిచి, ఒక పూట పప్పుకు సరిపడా వంద గ్రాముల కవర్లుగా కట్టండి. తడి మిగిలితే ఆకులన్నీ ఒకే గడ్డగా అతుక్కుంటాయి. వండేటప్పుడు కరిగించకుండా నేరుగా పోపులో వేయడమే. పచ్చి బఠానీకి మాత్రం ముందు మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు, ఆ వెంటనే ఐస్ నీళ్ళలో రెండు నిమిషాలు తప్పనిసరి. లేకపోతే గింజలోని ఎంజైములు ఫ్రీజర్‌లో కూడా పనిచేసి నెలా రెండు నెలల్లో రంగు, తీపి పోగొడతాయి. రసాల గుజ్జు లీటరుకు వంద గ్రాముల పంచదార, ఒక చెంచా నిమ్మరసం కలిపి పెడితే రంగు నల్లబడదు. పెరుగు, ఉడికించిన గుడ్లు, కూరలోని బంగాళాదుంప ఫ్రీజర్‌కు పనికిరావు. పెరుగు విరిగి నీళ్ళు తేలుతుంది, గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, దుంప ఇసుకలా రవరవలాడుతుంది.

గుంటూరు మిరపకాయలు యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు వెళ్ళేది రంగు, ఘాటు నిలవడానికే. ఇంట్లో కొట్టించిన ఏడాది కారానికీ అదే సూత్రం, అయితే మైనస్ 18 అక్కర్లేదు, సింగిల్ డోర్ ఫ్రీజర్ చాలు. నెలకు సరిపడా చిన్న సీసాలుగా కట్టి పెట్టండి. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా, అంటే రెండు మూడు గంటలు, మూత తీయవద్దు. చల్లటి కారం మీద గాలిలోని తేమ చెమ్మగా పట్టి ఉండలు కడుతుంది, తర్వాత బూజు వస్తుంది.

ఐస్: ఏ ట్రే, ఏ నీళ్ళు

లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి మైనస్ 18 ఐస్ చేయడానికి లాగాల్సిన వేడి, అవే నీళ్ళను మరిగే దాకా కాచే వేడికి ఒకటిన్నర రెట్ల పైనే. అంత పని ఫ్రీజర్ చేత చేయిస్తున్నాం. కుండ నీళ్ళో ఫ్రిజ్ నీళ్ళో పోస్తే కొంత భారం తగ్గుతుంది.

అల్యూమినియం ట్రే అన్నిటికంటే తొందరగా కడుతుంది, ముఖ్యంగా సింగిల్ డోర్ ప్లేటు మీద. అయితే అడుగు తడిగా పెడితే ప్లేటుకు అతుక్కుపోతుంది, దాన్ని ఊడదీయబోయి చాకు తీసేవాళ్ళు ఎక్కువ. గుడ్డతో అడుగు తుడిచి పెట్టండి. మామూలు ప్లాస్టిక్ ట్రేలో చిన్న ముక్కలు మైనస్ 18లో మూడు నాలుగు గంటల్లో కడతాయి. మెలితిప్పేటప్పుడు విరగకుండా ఉండాలంటే వంగే ప్లాస్టిక్ కావాలి, గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ పగులుతుంది. సిలికాన్ ట్రేలోంచి ముక్క సులువుగా వస్తుంది, కానీ కట్టడానికి ఆలస్యం, చేపల వాసన కూడా పీల్చుకుంటుంది. చేపలున్న ఫ్రీజర్‌లో మూత ఉన్న ప్లాస్టిక్ ట్రే మా ఎంపిక. ఫ్రాస్ట్ ఫ్రీలతో వచ్చే తిప్పుడు ట్రే మంచిదే, కింది పెట్టెలోకి ముక్కలు రాలుతాయి. ఆ పెట్టెను నెలకోసారి ఖాళీ చేసి కడగాలి.

బోరు నీళ్ళతో చేసిన ఐస్ కరిగాక గ్లాసు అడుగున తెల్లటి పొట్టు దిగుతుంది, అది నీటిలోని సున్నం. తాగే నీళ్ళతోనే ఐస్ చేయాలి. మధ్యలో తెల్లగా కనబడేది ఇరుక్కున్న గాలి, దానివల్ల నష్టమేమీ లేదు. పదిమంది చుట్టాలు వస్తే మనిషికి ఐదు ముక్కల లెక్కన యాభై కావాలి, అంటే 14 గుంటల ట్రేలు నాలుగు. రెండు రోజుల ముందు నుంచే తిప్పి తిప్పి కట్టించి జిప్ కవర్లో పోగేయండి. బయట ఐస్ కొంటే నీలం రంగు చూడండి. తాగడానికి పనికిరాని ఐస్‌కు ఆ రంగు కలపాలని 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది. రంగు లేనంత మాత్రాన మంచిదని కాదు, చేపల మార్కెట్ ఐస్‌ను షర్బత్‌లో వేయవద్దు.

కరెంటు పోయినప్పుడు

తలుపు తీయకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు, కింది ఫ్రిజ్ భాగం నాలుగు గంటలు కాపాడుతుంది. సింగిల్ డోర్ చిన్న పెట్టెకు ఇంత గడువు ఉండదు. ఖాళీ జాగాలో నీళ్ళ సీసాలు మెడ దాకా నింపి గడ్డకట్టించి పెట్టుకుంటే గడువు పెరుగుతుంది. ఊరెళ్ళే ముందు ఒక గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ గడ్డ లోపలికో అడుక్కో దిగి ఉంటే మధ్యలో కరిగి మళ్ళీ కట్టిందన్నమాట. అప్పుడు చేపలు, మాంసం పారేయాలి. మనం ఇంట్లో ఉండగానే కరెంటు పోయి సరుకు కరిగినా, ఇంకా మంచు గింజలు తగులుతూ ఉంటే వెంటనే వండుకోవచ్చు.

కరెంటు వస్తూ పోతూ ఉంటే మామూలు కంప్రెసర్‌కు మూడు నిమిషాలు ఆగి మొదలయ్యే స్టెబిలైజర్ ఉండాలి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్‌లు వోల్టేజీలో ఎక్కువ తేడాలను తట్టుకుంటాయి, ఎంత వోల్టేజీ నుంచి ఎంత దాకా అనేది మాన్యువల్‌లో చూసి స్టెబిలైజర్ కొనాలో వద్దో తేల్చుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పటిలా ఇంట్లోకి నీళ్ళొచ్చి కంప్రెసర్ మునిగి ఉంటే, నీళ్ళు తీసేసి ఆరినట్టు కనబడినా ప్లగ్ పెట్టవద్దు. మెకానిక్ రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే భాగం), వైర్లు చూసి ఆరబెట్టాకే స్విచ్ వేయాలి. వరద నీళ్ళు తగిలిన సరుకు, కవరు చిరగకుండా ఉన్నా సరే, తీసేయండి.